ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు

పగలంతా పళ్లు చేస్తాను.
పురశవాక్కంలో, పొన్నురంగం డాక్టరుగారి ల్యాబులో,
ముఖం చూడని మనుషులకి
మైనంతో దవడలు కడతాను.
నవ్వు ఎక్కడ అరిగిందో తెలుస్తుంది,
ఎవరి నవ్వో తెలీదు.

రాత్రి అవే పరికరాలు కడుక్కుని
నా సైన్యం ముందు కూర్చుంటాను.
మొత్తం దండు ఒక చెప్పుల పెట్టెలో పడుతుంది,
ఒక్కొక్కడూ బొటనవేలి కణుపు పొడుగు.
సూది డ్రిల్లుతో తుపాకీ గొట్టానికి చిల్లి పెడతాను.
ఒంటిమీద అచ్చు గీత గీకేస్తాను,
అది వదిలేస్తే ఎన్ని పూతలు పూసినా
ప్లాస్టిక్కు ప్లాస్టిక్కులాగే చూస్తుంది.

అక్టోబరు మద్రాసులో ప్రైమరు కొట్టకూడదు.
తెలిసీ కొట్టాను ఒకసారి.
గాలినిండా నీళ్లు, నీళ్లనిండా ఉప్పు,
పన్నెండుమంది భటులకి ఒక్క సాయంత్రంలో
బూజు పట్టినట్టు తెల్లటి గరుకు.
ఏం చెయ్యను, అస్థిపంజరాల దళంలో చేర్చేశాను.
పింగాణీ పళ్లలో ఏ-టూ అని ఒక రంగుంది,
సగం ఊరి నవ్వు అదే.
పుర్రెలన్నిటికీ ఆ రంగే కలిపి వేశాను.
అంత చక్కటి పలువరస
ఈ పేటలో బతికున్నవాళ్లెవరికీ లేదు.

కళ్ల గురించి ఒక మాట.
తెల్లచుక్క పెట్టి అందులో నల్లచుక్క పెడితే
ఎంత వీరుడైనా
కరెంటు షాకు కొట్టినవాడిలా చూస్తాడు.
మూడు సున్నాల కుంచె, ఊపిరి బిగబట్టి,
కింద రోడ్డుమీద బస్సు దాటిందాకా ఆగి...
లాభం లేదు.
ఇప్పుడు కళ్లు పెట్టను.
కనుబొమల కింద పల్చటి గోధుమరంగు నీడ
ఒక్కటి జారవిడుస్తాను.
చూసేవాళ్లే చూపు తెచ్చుకుంటారు.

ఈ నెల పార్సిల్లో ఒకడు
కత్తి పట్టిన చెయ్యి విరిగి వచ్చాడు.
ఇంకొకడి చెయ్యి కోసి అతికించాను.
అతికింది గానీ, కత్తి అరువు తెచ్చినట్టుంది.
ఆ పొద్దునే మా వీధికి
నాలుగు రోజుల తర్వాత నీళ్ల లారీ వచ్చింది.
ఎదురింటి సెల్వరాణి
చెంగు బొడ్లో దోపి, బిందె నడుంకెత్తి
భుజంతో వరస చీల్చిన తీరు!
ఏ కంపెనీ ఆ భంగిమ అచ్చు పోయలేదు.

నీలం, పసుపు పుట్టీ కలిపి
పచ్చగా అయ్యేదాకా పిసికాను.
వేళ్లు తడి చేసుకుని, ఎండు బఠాణీ అంత బిందె,
మైనం గరిటెతో మెడ దగ్గర ఒక నొక్కు.
ఎరుపూ కాని గులాబీ కాని ఆ బిందెల రంగుకి
ఏ సీసామీదా పేరు లేదు, అరగంట పట్టింది.
కవచం ఉంచాను. శిరస్త్రాణం కోసేసి కొప్పు పెట్టాను.
వాడు ఎప్పుడు ఆమె అయ్యాడో గమనించలేదు.
కాళ్లకింద నేలకి ఎండబెట్టిన టీపొడి,
ఒలికిన నీళ్లకి ఒక చుక్క వార్నిషు.

ఆదివారం అయనావరంలో
జిరాక్సు షాపు మేడమీద యుద్ధం.
తణికాచలం టేపుతో కొలుస్తూ ఆగిపోయాడు.
"ఇదెవరు? ఆయుధమేది?"
"లేదు."
"పాయింట్లెన్ని?"
రూల్సు పుస్తకం తిరగేశాడు.
జెండా మోసేవాడున్నాడు, బాకా ఊదేవాడున్నాడు,
దప్పికకి ఒక్క పేజీ లేదు.
సరే, మామూలు భటుడి కింద లెక్కేశాం.
రెండో వంతులోనే అతని ఫిరంగికి ఆరు పడింది.
పక్కకి పడుకోబెట్టాను.
టీ గ్లాసు జరిపినంత చావు.
బిందె ఒలకలేదు,
లోపలంతా గట్టి.

పెట్టె సర్దేముందు తణికాచలం
ఆమెని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.
మెచ్చుకుంటాడనుకున్నాను.
"బిందె ఎడమ నడుం మీదుండాలి" అన్నాడు,
"కుడిచేత్తో పంపు కొట్టాలిగా."

ఇంటికొచ్చి మళ్లీ కోశాను.
ఒంటిగంటయింది.
పొద్దున తొమ్మిదికి ఎవరిదో కింది దవడ ఇవ్వాలి.
చెయ్యి ఇంకా ఆరలేదు.